ప్లేట్‌లెట్ల లెక్క సరే, పని సంగతేంటి? ఫంక్షన్ టెస్టుకు వెళ్లేవాళ్ల కోసం

"సార్, రెండు లక్షల అరవై వేలున్నయి గదా, మరి నెత్తురెందుకు ఆగుతలేదు?"

హన్మకొండలో ల్యాబ్ కౌంటర్ దగ్గర కూర్చునే ఎవరికైనా ఈ ప్రశ్న కొత్త కాదు. ఏటా వానాకాలంలో వచ్చే డెంగీ పుణ్యమా అని మన దగ్గర ప్లేట్‌లెట్ల లెక్క తెలియని ఇల్లు లేదు. లక్షా యాభై వేల నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటే నార్మల్ అని బస్సులో పక్క సీటాయన కూడా చెప్తాడు. కానీ ఆ లెక్క ఉపాధి హామీ మస్టర్‌లో పేర్ల లాంటిది. పేర్లు నిండుగా ఉన్నాయని చెరువు పూడిక తీసినట్టు కాదు. వచ్చినవాళ్లు పార పట్టారా లేదా అన్నది వేరే చూసుకోవాలి. ప్లేట్‌లెట్ల విషయంలో ఆ చూసే పరీక్షలనే ప్లేట్‌లెట్ ఫంక్షన్ టెస్టులు అంటారు.

మీ డాక్టర్ ఆ టెస్టు రాసినా, రాయించుకోవాలేమో అని మీకే అనుమానం ఉన్నా, వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు వాళ్లు ఏ వరుసలో కదలాలో రాస్తున్నాను. చాలా టెస్టులకు శాంపిల్ ఇచ్చి ఇంటికి పోతే సరిపోతుంది. దీనికి మాత్రం మనిషే మిషన్ దాకా పోవాలి. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

ముందుగా ప్లేట్‌లెట్ చేసే పని ఏమిటో నాలుగు ముక్కల్లో. రక్తనాళం తెగిన చోట అది అతుక్కుంటుంది. అతుక్కోవడానికి రక్తంలోని వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ సాయం కావాలి. అతుక్కున్నాక తన లోపలి గుళికలు విప్పి మిగతా ప్లేట్‌లెట్లను పిలుస్తుంది. వచ్చినవన్నీ ఫైబ్రినోజెన్ అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకుని ఒకదానికొకటి ముద్ద కడతాయి. ఈ మూడింట్లో ఎక్కడ తేడా వచ్చినా లెక్క నిండుగానే ఉండొచ్చు, నెత్తురు మాత్రం ఆగదు.

కాగితం మీద నెత్తురు చరిత్ర

ల్యాబ్‌కు పోకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఓపీలో డాక్టర్‌కు దొరికే సమయం అంతంతే. నోటితో చెప్పబోతే సగం మరిచిపోతారు. నా లెక్కలో ఈ కాగితం ఏ మిషన్‌కూ తీసిపోదు.

ముక్కు నుంచి కారితే ఎన్ని నిమిషాలకు ఆగుతుంది? పది నిమిషాలు దాటితే ఆ మాట తప్పక రాయండి. ఎప్పుడూ ఒకే ముక్కుపుటం నుంచి వస్తుంటే అది కూడా రాయండి. అప్పుడు తప్పు ప్లేట్‌లెట్లలో కాక ముక్కు లోపలి నాళంలో ఉండే అవకాశం ఎక్కువ, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ చూడాలి. దెబ్బ తగలకుండానే ఒంటి మీద రూపాయి బిళ్లంత కమిలిన మచ్చలు వస్తాయా? పన్ను పీకించాక మళ్లీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చిందా? చిన్నప్పుడు చెవులు కుట్టిస్తే, వేములవాడలో పుట్టెంట్రుకలు తీయిస్తే, అప్పుడు కత్తిగాటు పడితే ఏమైంది? ఈ సంగతులు అమ్మమ్మలకు గుర్తుంటాయి, అడగండి. ఆపరేషనో కాన్పో అయితే రక్తం ఎక్కించాల్సి వచ్చిందా?

నెలసరి గురించి మాత్రం ఇంట్లో ఆడవాళ్లే కూర్చుని రాయాలి. ఏడు రోజులు దాటుతుందా, గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతుందా, గడ్డలు గడ్డలుగా పడుతుందా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తుందా. ఇక్కడ ఒక చిక్కుంది. తల్లికీ అక్కకూ కూడా అట్లాగే పోతుంటే, "మా ఇంట్ల అందరికి గింతే" అని దాన్ని లెక్కలోకే తీసుకోరు. అందరికీ అంతే ఉండటమే డాక్టర్‌కు అన్నిటికన్నా పెద్ద ఆధారం.

ఇదంతా పుట్టినప్పటి నుంచా, ఈ మధ్యనా? ఈ మధ్యనే మొదలైతే మందులు, కిడ్నీ, కాలేయం వైపు చూడాలి. చిన్నప్పటి నుంచీ ఉంటే పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. అప్పుడు మేనరికం సంగతి దాచకండి. గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా (ప్లేట్‌లెట్లు ముద్ద కట్టలేవు), బెర్నార్డ్ సూలియర్ (సరిగా అతుక్కోలేవు) లాంటి జబ్బులు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే పిల్లలకు బయటపడతాయి. మేనమామనో, బావనో చేసుకున్న ఇళ్లలో అందుకే ఇవి ఎక్కువ కనబడతాయి. ఎవరినీ తప్పుపట్టే మాట కాదిది, డాక్టర్ ఏ టెస్టు ముందు రాయాలో తేల్చే సమాచారం.

మోకాళ్లు, మోచేతులు వాచి లోపల నెత్తురు చేరుతుంటే దారి వేరు. అది హిమోఫీలియా లక్షణం, నెత్తురు గడ్డకట్టించే ప్రోటీన్లను చూసే ఫ్యాక్టర్ టెస్టులు కావాలి. ఈ వివరాలన్నిటికీ మార్కులు వేసే బ్లీడింగ్ అసెస్‌మెంట్ టూల్ అనే పట్టిక డాక్టర్ల దగ్గర ఉంటుంది. పెద్ద మగవాళ్లలో 4, ఆడవాళ్లలో 6, పిల్లల్లో 3, అంతకు మించి వస్తే ముందుకు వెళ్లి పరీక్షించాలని అర్థం.

వరంగల్‌లోనే అయిపోయేవి

హైదరాబాద్ బస్సు ఎక్కే ముందు ఇక్కడే చేయించాల్సినవి కొన్నున్నాయి. సగం కేసుల్లో దారి ఇక్కడే తేలుతుంది. తేలకపోయినా ఆ రిపోర్టులు లేకుండా పెద్ద ల్యాబ్‌కు పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

సీబీపీ చేయించండి, దాంతోపాటు స్మియర్‌ను, అంటే స్లైడ్ మీద పూసిన రక్తాన్ని, పాథాలజిస్టు కంటితో చూసి రాయాలని అడగండి. మిషన్ లెక్కకు రెండు మోసాలున్నాయి. ఒకటి, ఊదా మూత ట్యూబులో ఉండే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు ట్యూబులోనే గుంపులు కడతాయి. మిషన్ గుంపును లెక్కపెట్టలేక నలభై వేలు, యాభై వేలు అని చూపిస్తుంది. మనిషికి ఏ జబ్బూ ఉండదు. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన లెక్కను 1.1తో గుణిస్తే అసలు సంఖ్య బయటపడుతుంది. రెండోది, బెర్నార్డ్ సూలియర్‌లో ప్లేట్‌లెట్లు చాలా పెద్దగా ఉంటాయి, కొన్ని ఎర్ర కణమంత. మిషన్ వాటిని ప్లేట్‌లెట్లుగా గుర్తుపట్టదు. స్లైడ్ మీద కన్ను పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

చిన్న ల్యాబ్‌లో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేరా చదివితే నాకు సంతోషం. ట్యూబులో పోయకుండా, వేలి కొస నుంచి వచ్చిన చుక్కను నేరుగా స్లైడ్ మీద లాగి స్టెయిన్ చేయండి. మామూలు మనిషి స్లైడ్‌లో ప్లేట్‌లెట్లు ఐదూ పదీ కలిసి గుంపులుగా కనబడతాయి. గ్లాంజ్‌మన్ ఉన్నవాళ్ల స్లైడ్‌లో లెక్క నిండుగానే ఉంటుంది, కానీ ఒక్కోటీ విడివిడిగా, దేనికది దూరంగా పడి ఉంటుంది. ఈడీటీఏ రక్తంతో చేసిన స్లైడ్‌లో అందరివీ విడివిడిగానే ఉంటాయి కాబట్టి ఈ తేడా దొరకదు. ఒక సూది, ఒక స్లైడ్, కాస్త లీష్‌మన్ స్టెయిన్ చాలు. దాంతోపాటు సాదా గాజు ట్యూబులో రక్తం పోసి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టండి. గడ్డకట్టిన రక్తం గంటా రెండు గంటల్లో ముడుచుకుని చుట్టూ సీరం వదలాలి. ముడుచుకోకుండా ట్యూబు నిండా అట్లాగే కూర్చుంటే అది కూడా అటువైపే వేలు చూపిస్తుంది. ఇవి జబ్బును ఖాయం చేయవు. కానీ భూపాలపల్లిలో ఒక పిల్లను ఎటు పంపాలో చెప్పడానికి చాలు.

నెత్తురు గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఏపీటీటీ, ఫైబ్రినోజెన్ టెస్టులు చేయించండి. క్రియాటినిన్, లివర్ టెస్టులు కూడా, ఎందుకంటే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ప్లేట్‌లెట్లు మందగిస్తాయి. నెత్తురు ఎక్కువ పోయే ఆడపిల్లలకు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ మరవొద్దు. ఆ తర్వాత వాన్ విల్లిబ్రాండ్ టెస్టులు, అంటే యాంటీజెన్ (ఆ ప్రోటీన్ ఎంతుందో), యాక్టివిటీ (ఎంత పనిచేస్తుందో), ఫ్యాక్టర్ ఎయిట్. పుట్టుకతో వచ్చే ప్లేట్‌లెట్ జబ్బులకన్నా ఆ ప్రోటీన్ లోపంతో వచ్చే వాన్ విల్లిబ్రాండ్ జబ్బు ఎక్కువమందిలో ఉంటుంది కాబట్టి ముందు దాన్ని తేల్చుకోవాలి. ఓ గ్రూపు వాళ్లలో ఈ ప్రోటీన్ మామూలుగానే కాస్త తక్కువ. గర్భంతో ఉన్నా, జ్వరం వచ్చినా, బాగా కంగారుపడినా పైకి పోతుంది. ఒక్కసారి నార్మల్ వస్తే సరిపోదు, అనుమానం గట్టిగా ఉంటే మళ్లీ చేయాలి. దీనికి ప్లాస్మా వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపొచ్చు, అంటే ఇది ప్రయాణం తట్టుకుంటుంది.

బీటీ (బ్లీడింగ్ టైమ్), సీటీ (క్లాటింగ్ టైమ్) మాట. ఏ ఆపరేషన్‌కైనా ముందు మన దగ్గర ఇవి రాయడం ఆనవాయితీ. వేలికో చెవికో గుచ్చి, ఫిల్టర్ పేపర్‌తో అద్దుతూ గడియారం చూస్తారు. గుచ్చిన లోతును బట్టి, గుచ్చిన చేతిని బట్టి జవాబు మారిపోతుంది. ఆపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోతుందో లేదో బ్లీడింగ్ టైమ్ చెప్పలేదని, ఊరికే అందరికీ చేయొద్దని అమెరికా పాథాలజిస్టుల సంఘాలు 1998లోనే రాశాయి. మన దగ్గర ఆ గడి మాత్రం ప్రీ ఆపరేటివ్ ఫారాల్లోంచి పోలేదు. బీటీ రెండు నిమిషాలు అన్న కాగితం చూసి, మీ చరిత్ర కాగితాన్ని ఎవరైనా పక్కన పెడితే ఒప్పుకోకండి.

గోలీల సంచి

టెస్టు తప్పుగా రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం మందులు. ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ ముందు కుమ్మరించండి. చీటీల కన్నా అట్టలు నిజం చెప్తాయి.

ఆస్పిరిన్ ఒక్క గోలి వేసుకున్నా అది తాకిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ మళ్లీ సరిగా పనిచేయదు. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. అందుకే టెస్టుకు ముందు అన్ని రోజులూ ఆస్పిరిన్ ఒంట్లోకి పోకూడదు. ఎకోస్ప్రిన్, డిస్ప్రిన్ రెండూ ఆస్పిరినే. ఒళ్లునొప్పుల గోలీలు కూడా ప్లేట్‌లెట్లను మొద్దుబారుస్తాయి: కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్, వోవెరాన్‌లో డైక్లోఫెనాక్, జీరోడాల్‌లో ఏసిక్లోఫెనాక్. వీటి ప్రభావం ఆస్పిరిన్ అంత కాలం ఉండదు, ల్యాబ్‌లు మామూలుగా కనీసం మూడు రోజులు ఆపమంటాయి. నాట్ల సీజన్‌లో నడుము నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూదిలో ఏముందో మీకు తెలియదు, చాలాసార్లు అది డైక్లోఫెనాకే. ఆయన్నే అడిగి పేరు రాయించుకోండి. జ్వరానికో నొప్పికో ఏదైనా తప్పనిసరైతే పారాసిటమాల్ ఒక్కటే, అంటే డోలో లాంటిది, టెస్టుకు అడ్డు రాదు.

ఫిట్స్‌కు వాడే వాల్ప్రోయేట్, మానసిక ఒత్తిడికి వాడే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ కూడా కొంత ప్రభావం చూపుతాయి. వీటిని మీ అంతట మీరు ఆపొద్దు, రిపోర్టు చదివే డాక్టర్‌కు తెలిస్తే చాలు. చేప నూనె క్యాప్సూల్స్, వెల్లుల్లి మాత్రలు వాడుతుంటే చెప్పండి. కల్లు, మందు అలవాటుంటే అదీ.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా. గుండెకు స్టెంట్ పడ్డవాళ్లు టెస్టు కోసమని ఎకోస్ప్రినో, క్లోపిడోగ్రెలో, టికాగ్రెలోరో సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుండె డాక్టర్ ఆపమని రాసిస్తే తప్ప ఒక్క పూట కూడా మానొద్దు.

మనిషి పోవాలి, ట్యూబు కాదు

సీబీపీ రక్తం సాయంత్రం తీసి రాత్రి కొరియర్‌లో హైదరాబాద్ పంపినా నడుస్తుంది. ఫంక్షన్ టెస్టుకు నడవదు. రక్తం తీసిన దగ్గర్నుంచి నాలుగు గంటల్లోపు టెస్టు మొత్తం ముగియాలి. ఈలోగా ట్యూబు కుదుపులకు లోను కాకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఐస్ మీద అసలే పెట్టకూడదు. చల్లదనానికి ప్లేట్‌లెట్లు ఆకారం మారి ఉత్తేజితమైపోతాయి. హన్మకొండలో తీసి, బైక్ మీద బాక్సులో పెట్టి, బస్సులో 150 కిలోమీటర్లు ఊపుకుంటూ తీసుకుపోయిన రక్తం ఏ జవాబు చెప్తుంది? చెప్పే జవాబు ప్రయాణం గురించి చెప్తుంది, రోగి గురించి కాదు. "మాకిచ్చేయండి, మేం పంపిస్తాం" అని కలెక్షన్ సెంటర్‌లో అంటే, ఎన్ని గంటలకు మిషన్ ఎక్కుతుందో అడగండి. సూటిగా జవాబు రాకపోతే డబ్బులు కట్టొద్దు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లు మెడిసిన్ ఓపీ నుంచో పిల్లల విభాగం నుంచో రెఫరల్ రాయించుకుంటే, హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట రక్తజబ్బులు చూసే హెమటాలజీ విభాగానికి వెళ్లడం సులువు. ప్రైవేటుగా వెళ్లేవాళ్లు ముందు ల్యాబ్‌కు ఫోన్ చేయండి. మీరు చేసేది లైట్ ట్రాన్స్‌మిషన్ అగ్రిగోమెట్రీయా, పీఎఫ్ఏ మిషనా? (ఈ రెండూ ఎట్లా పనిచేస్తాయో కింద చెప్తాను.) ఏయే రీయేజెంట్లతో చేస్తారు? వారంలో ఏ రోజుల్లో? రక్తం మీ బిల్డింగ్‌లోనే తీస్తారా? గ్రాఫులు ఇస్తారా? పసిపిల్ల అయితే ఎంత రక్తం కావాలి? పెద్దవాళ్లకు అగ్రిగోమెట్రీకి 20 ఎంఎల్ దాకా తీయాల్సి రావొచ్చు, పసిపిల్లల నుంచి అంత తీయలేరు. అలాంటప్పుడు ఫ్లో సైటోమెట్రీ మేలు, చాలా కొద్ది రక్తంతో ప్లేట్‌లెట్ మీది గ్రాహకాలు ఉన్నాయో లేవో చూస్తుంది. ప్లేట్‌లెట్లు లక్షకు బాగా దిగువన ఉన్నవాళ్లకు కూడా అదే నయం, అగ్రిగోమెట్రీ గ్రాఫును అంత తక్కువ లెక్కలో నమ్మలేం.

ల్యాబ్‌వాళ్లు పోల్చి చూడటానికి ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా పక్కన నడుపుతారు. కొన్నిచోట్ల తోడు వచ్చినవాళ్లనే ఇమ్మంటారు. తమ్ముడో, పెద్దనాన్న కొడుకో చేయి చాపితే వద్దనండి. లోపం వంశంలో ఉంటే అది వాళ్లలోనూ ఉండొచ్చు. రక్తసంబంధం లేనివాళ్లు, వారం పది రోజులుగా ఏ నొప్పి గోలీ వేసుకోనివాళ్లు కావాలి.

ఆ పొద్దున

టెస్టు ఉదయం పూటే పెడతారు, రోజంతా పని ఉంటుంది కాబట్టి. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే చేరిపోండి. తెల్లవారుజామున బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, ఉరుకులు పరుగులతో ల్యాబ్ మెట్లెక్కి వెంటనే చేయి చాపితే ఆ పరుగు కూడా ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది. అరగంట కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకోండి. పొద్దున పూరీలు, బిర్యానీ వద్దు. కొవ్వు ఎక్కువైతే ప్లాస్మా పాలలా తెల్లబడి మిషన్‌లో కాంతి దాటదు. చాయ్, కాఫీ టెస్టుకు రెండు గంటల ముందు నుంచి ఆపండి. బీడీ, సిగరెట్ అరగంట ముందు నుంచి.

రక్తం తీసేటప్పుడు గమనించండి. పట్టీ గట్టిగా బిగించి ఎక్కువసేపు ఉంచకూడదు. సూది సన్నది కాకూడదు, 21 గేజ్ మామూలు. మొదట వచ్చిన రక్తం వేరే ట్యూబులోకి పోవాలి, తర్వాతే నీలం మూత ట్యూబులు. ఆ ట్యూబుల్లో 3.2 శాతం సోడియం సిట్రేట్ ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ లెక్క, అందుకే గీత దాకా నిండాలి. సగం నిండిన ట్యూబు పనికిరాదు. మెల్లగా నాలుగైదు సార్లు తలకిందులు చేస్తారు, ఊపరు. నరం దొరక్క లోపల సూదితో వెతికితే ఆ చేతి రక్తం వద్దని, రెండో చేతికి తీయమని అడగడానికి మొహమాటపడకండి. గుచ్చిన చోట కణజాలం నలిగి ట్యూబులోనే గడ్డ మొదలవుతుంది. కొన్ని పెద్ద హాస్పిటళ్లలో శాంపిళ్లను గాలి గొట్టాల్లో పైఅంతస్తుకు పంపుతారు, ఈ ట్యూబును మాత్రం చేత్తో మోసుకెళ్లాలి.

లోపల జరిగేది

ట్యూబును సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో పెట్టి నెమ్మదిగా, బ్రేక్ వేయకుండా పది నిమిషాలు తిప్పుతారు. ఎర్ర కణాలు అడుగుకు దిగి, పైన లేత గడ్డి రంగు ప్లాస్మా మిగులుతుంది, ప్లేట్‌లెట్లన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని దీపం ముందు పట్టి మెల్లగా తిప్పితే పొగమంచులో పట్టుచీర మెరిసినట్టు అలలు కదులుతాయి. ఆ మెరుపు ఉంటే ప్లేట్‌లెట్లు బిళ్లల ఆకారంలో, బతికి ఉన్నట్టు. మెరుపు లేని ట్యూబుతో పని మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు.

లైట్ ట్రాన్స్‌మిషన్ అగ్రిగోమెట్రీ అనే ఈ పద్ధతిని గుస్టావ్ బార్న్ అనే శాస్త్రవేత్త 1962లో ప్రచురించాడు, అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ దీన్నే ప్రామాణికంగా చూస్తారు. సూత్రం చాలా తేలిక. ప్లేట్‌లెట్లు నిండిన ప్లాస్మా మసకగా ఉంటుంది, కాంతి దాటదు. 37 డిగ్రీల దగ్గర చిన్న అయస్కాంతపు పుల్ల తిరుగుతుండగా ఒక ఉత్తేజక మందు చుక్క వేస్తారు. ప్లేట్‌లెట్లు ముద్ద కడితే ద్రవం తేటపడి కాంతి దాటుతుంది, గ్రాఫ్ పైకి లేస్తుంది. పని బాగా జరిగినప్పుడు ఆ చిన్న గొట్టంలో తెల్లటి రవ్వలు కంటికే కనబడతాయి. ఏడీపీ, కొల్లాజెన్, ఎపినెఫ్రిన్, అరాకిడోనిక్ యాసిడ్, రిస్టోసెటిన్ ఇలా ఒక్కొక్కటీ విడిగా వేసి చూస్తారు. రిస్టోసెటిన్ ఒకప్పటి యాంటీబయాటిక్. రోగుల్లో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని దాన్ని వాడటం మానేశారు, ల్యాబ్‌లో మాత్రం అదే గుణం అక్కరకొచ్చి మిగిలిపోయింది.

పీఎఫ్ఏ మిషన్ ఇంకా తేలిక. సన్నటి రంధ్రంలోంచి రక్తాన్ని లాగి, ప్లేట్‌లెట్లు ఆ రంధ్రాన్ని ఎన్ని సెకన్లలో మూసేస్తాయో చూస్తుంది. పెద్ద లోపాలను పట్టుకుంటుంది, చిన్నవి జారిపోతాయి. హిమోగ్లోబిన్ బాగా తక్కువున్నా టైమ్ పెరిగిపోతుంది. నెలసరిలో ఎక్కువ పోయి రక్తహీనత వచ్చిన ఆడపిల్లలకు ఈ మిషన్ జవాబును ఆచితూచి తీసుకోవాలి.

రిపోర్టు చేతికొచ్చాక

శాతాలు చూసి భయపడకండి. ఒక్క అంకె ఏమీ చెప్పదు, అన్ని గ్రాఫులూ కలిపి చూడాలి. అందుకే గ్రాఫులు అడిగి తీసుకోమన్నాను.

రిస్టోసెటిన్‌కు మాత్రమే లేచి, మిగతా అన్నిటికీ గీత నేల మీదే పాకితే అది గ్లాంజ్‌మన్ తీరు. సరిగ్గా తిరగబడి, రిస్టోసెటిన్‌కు మాత్రమే లేవకపోతే బెర్నార్డ్ సూలియర్ గానీ, వాన్ విల్లిబ్రాండ్ జబ్బు గానీ. మామూలు మనిషి ప్లాస్మా కలిపాక గీత లేస్తే రెండోది, లేవకపోతే మొదటిది. అరాకిడోనిక్ యాసిడ్ గీత చచ్చిపోయి మిగతావి పర్వాలేదనిపిస్తే, జబ్బు పేరు తలచుకోకముందు గోలీల సంచి మళ్లీ విప్పండి. ఎక్కడో ఒక ఆస్పిరిన్ దాగి ఉంటుంది. ఏడీపీకి లేచిన గీత మళ్లీ కిందికి జారిపోతే క్లోపిడోగ్రెల్ లాంటి మందు ఉందేమో చూడాలి. ఎపినెఫ్రిన్ ఒక్కదానికే తక్కువ వస్తే కంగారొద్దు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొందరికి అట్లా వస్తుంది.

తేడా వచ్చిన టెస్టును ఇంకో రోజు మళ్లీ చేయించకుండా ఎవరికీ ఏ పేరూ అతికించకూడదు. రెండో ఖర్చు అని మానుకోవద్దు. జీవితాంతం మోసే ముద్ర అది.

స్టెంట్ వాళ్లు అడిగేది

"క్లోపిడోగ్రెల్ నాకు పనిచేస్తోందా, టెస్టు చేయించమంటారా?" క్లోపిడోగ్రెల్ కాలేయంలో ఒక ఎంజైమ్ మార్చితేనే మందు అవుతుంది. ఆ ఎంజైమ్‌ను మందగింపజేసే జన్యువు మన దేశంలో చాలామందిలో ఉంది. వెరిఫై నౌ అనే మిషన్ దీన్ని కొలుస్తుంది, 208 యూనిట్లు దాటితే ప్లేట్‌లెట్లు ఇంకా చురుగ్గా ఉన్నాయని లెక్క. వినడానికి బాగుంది. కానీ ఆ అంకె చూసి మందు మార్చితే గుండెపోట్లు తగ్గుతాయా అని చూసిన పెద్ద అధ్యయనాలు, 2011లో గ్రావిటాస్, 2012లో ఆర్కిటిక్, తగ్గలేదనే తేల్చాయి. అందుకే అందరికీ ఈ టెస్టు అక్కర్లేదు. మందు వాడుతుండగానే స్టెంట్ మూసుకుపోయినవాళ్లకు, బైపాస్ ఆపరేషన్ ఎన్ని రోజులు ఆపాలో తేల్చాల్సినవాళ్లకు గుండె డాక్టర్ రాస్తే చేయించుకోండి.

డెంగీలో

ఈ టెస్టు వద్దు. జ్వరంలో లెక్కే తక్కువ, ఫంక్షన్ టెస్టు ఏ నిర్ణయాన్నీ మార్చదు. నెత్తురు కారనంత వరకు పదివేల దాకా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదన్నది డెంగీ వైద్యానికి మన దేశంలో పాటించే పద్ధతి. ఎక్కించాల్సి వస్తే మాత్రం బ్లడ్ బ్యాంక్ నుంచి తెచ్చిన సంచిని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అది 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊగుతూ ఐదు రోజులే నిలుస్తుంది. పైన చెప్పిన మెరుపు ఆ సంచిలోనూ కనబడాలి, వెలుగుకు ఎత్తి నర్సును చూడమనండి.

జబ్బు ఖాయమైతే

ఒక కార్డు రాయించి లామినేషన్ చేయించండి. పేరు, బ్లడ్ గ్రూప్, జబ్బు పేరు, హెమటాలజీ డాక్టర్ నంబర్. కింద తెలుగులో పెద్ద అక్షరాలతో: ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఇవ్వరాదు. పిరుదుకు గానీ భుజానికి గానీ కండరంలో సూది వేయరాదు. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. నెత్తురు కారితే దాన్ని ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు ఎంత మోతాదో డాక్టర్ చేతనే రాయించండి. గ్లాంజ్‌మన్ అయితే ఇంకో వరుస చేర్చండి: హెమటాలజీ డాక్టర్‌ను అడగకుండా ప్లేట్‌లెట్లు ఎక్కించొద్దు. ఊరికే ఎక్కిస్తూ పోతే ఒంట్లో యాంటీబాడీలు తయారై, రేపు కాన్పుకో పెద్ద ఆపరేషన్‌కో నిజంగా కావాల్సినప్పుడు అవి పనిచేయకుండా పోతాయి. కార్డు ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి, ఒక కాపీ బడిలో టీచర్ దగ్గర, ఒకటి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర.

ఆ తర్వాత తోబుట్టువులు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే జబ్బయితే ఒక్కో బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, చూడటానికి బాగానే ఉన్న చిన్నోడికి కూడా. అందరినీ ఒకేసారి హైదరాబాద్ తీసుకుపోనక్కర్లేదు. వేలి కొస నుంచి ఒక స్లైడ్, ఒక సీబీపీ ఇక్కడే చేయించి, అనుమానం వచ్చినవాళ్లనే వెంట తీసుకెళ్లండి.